గడ్డం కింద అగ్గిపెట్టె

రాత్రి వడ్డించిన పళ్లెం తెల్లారాక కూడా మూత కిందే ఉంది. సుమిత్రమ్మ ఒక్క మెతుకు ముట్టలేదు.

"అవ్వా, చాయ్ అన్న తాగు," అన్నాడు భూమేష్, గ్లాసు పట్టుకొని ఆమె ముందు గొంతుక్కూర్చుని.

"నాకెందుకురా చాయ్? ఆ కుర్చీకి పొయ్యి. ఇప్పుడు ఇంట్ల పెద్దరికం దానిదే గదా."

కుర్చీ వరండాలో గోడ పక్కన ఉంది. కట్టె కుర్చీ, పాతది, వీపు నిట్టనిలువుగా ఉండే రకం. దాని ముందు ఒక బల్ల. బల్ల మీద చాట, చాటలో తంబాకు, తడిపి కత్తిరించిన తునికాకు. కుర్చీలో కోడలు ఉమారాణి. అత్త ఎవరి గురించో మాట్లాడుతున్నట్టు, తల తిప్పకుండా బీడీలు చుట్టుకుంటోంది.

ఇంట్లో అసలు కుర్చీలే లేవని కాదు. వచ్చిన వాళ్లకు వేసే ప్లాస్టిక్ కుర్చీలు రెండు తలుపు వెనక ఒకదాంట్లో ఒకటి దూర్చి ఉంటాయి. కాపురానికి వచ్చినప్పటి నుంచి ఉమారాణి వాటిని తుడిచింది, వేసింది, తీసింది. అత్త ఎదురుగా ఒక్కనాడూ వాటిలో కూర్చోలేదు. కూర్చోవద్దని ఎవరూ అనలేదు. అనాల్సిన అవసరమే రాలేదు. అలాంటి పిల్ల, కుడిచెయ్యి తిమ్మిరెక్కి కత్తెర జారిపోతోందని కంఠేశ్వర్‌లో ఎవరో డాక్టరమ్మకు చూపించుకుంది. వంగి కూర్చోవడం మానుకొమ్మని ఆవిడ అన్నదట. అంతే, నిన్న మధ్యాహ్నం ఈ కుర్చీనీ బల్లనీ మొగుడి ఆటోలోనే వేయించుకొని దర్జాగా దిగింది.

సుమిత్రమ్మ కింద గోనెపట్టా మీద కూర్చుంది. ఆమె మెడ ఎప్పుడో ముందుకు వాలిపోయింది, పైకి లేవదు. అందుకని కుర్చీలో ఉన్న కోడలి ముఖం ఆమెకు కనపడదు. కనపడేవల్లా కోడలి కాళ్లు. మెట్టెలు, పగిలిన మడమలు, సరిగ్గా తన ముఖానికి ఎదురుగా. నిన్నటి నుంచి ఆమె కడుపు మండిపోతున్నది అందుకే.

"చూడరా భూమేషూ. కాళ్లు తెచ్చి నా ముక్కు కాడ వెట్టింది నీ పెండ్లాం."

"కాళ్లు నీ దిక్కు లెవ్వు అత్తమ్మా. గోడ దిక్కు వెట్టుకున్న," అంది ఉమారాణి.

"ఏ దిక్కు వెడితే ఏంది? మీద కూసున్నదానివి మీదనే ఉంటివి."

"నువ్వు గూడ మీద కూసో. ఇంకో కుర్చీ తెస్త."

"కూసోవెట్టి దండ ఏస్తవా?"

భూమేష్ అటూ ఇటూ చూశాడు. పెళ్లాన్ని ఒక మాట అంటే ఆమె చెయ్యి గుర్తొస్తుంది. తల్లిని ఒక మాట అంటే ఆ మూత వేసిన పళ్లెం గుర్తొస్తుంది. చాయ్ చల్లారిపోయింది. చివరికి తానే తాగేశాడు.

సరిగ్గా అప్పుడే హన్మవ్వ దిగింది, చంకలో చాట పెట్టుకొని. పక్కింటి మనిషే. ఆ వాడలో ఆడవాళ్లు ఒక్కొక్కరే కూర్చుని బీడీలు చుట్టరు. ఎవరి వరండా చల్లగా ఉంటే అక్కడికి చేరతారు. చేతులు ఆకు మీద, నోళ్లు ఊరి మీద.

"అమ్మో! నేనేదో తహసీల్ ఆఫీసు అనుకున్న," అంది కుర్చీని చూసి. "ఉమా, నా రేషన్ కార్డుల పేరు దప్పున్నది, జెర సూడరాదె."

ఉమారాణి నవ్వలేదు. సుమిత్రమ్మ అసలే నవ్వలేదు.

"ఏం జేస్తమే హన్మవ్వా, కాలం గట్లున్నది," అంది సుమిత్రమ్మ.

"కాలం కాదు అక్కా, నీదే తప్పు. కొత్తల గడ్డం కింద అగ్గిపెట్టె వెట్టి నేర్పినవు గదా. అది తీసెయ్యకుంట ఉంటే అయిపోతుండె."

లోపల తల దువ్వుకుంటున్న ఉమారాణి కూతురు నవత గుమ్మంలోకి వచ్చింది. ఎనిమిదో తరగతి చదువుతోంది. "అగ్గిపెట్టెనా? ఎందుకు?"

"ఎందుకంటే పిల్లా," అంది హన్మవ్వ ఉత్సాహంగా, "గడ్డానికి, గొంతుకకు నడుమ వెట్టి అదిమి పట్టాలె. పడకుంట బీడీలు చెయ్యాలె. తల పైకి లేసిందనుకో, టప్పున పడ్తది. పడ్డదంటే మీ బాపమ్మ మెడ మీద ఒకటి ఇచ్చేది. మీ అమ్మది ఒక్కసారి గూడ పడలే. వాడంత చెప్పుకునేది."

"మస్తు ఉంటది గదా," అంది నవత, తన గడ్డాన్ని మెడకేసి ఆనించి చూసుకుంటూ.

"లోపటికి పో," అంది ఉమారాణి. ఆ పొద్దున ఆమె గొంతు పెంచింది అదొక్కసారే.

సుమిత్రమ్మకు ఆ పని నేర్పింది ఆమె అత్త. ఆ అత్తకు ఎవరు నేర్పారో దేవుడికే తెలియాలి. తల ఎత్తి కూర్చునే ఆడదాని చూపు బజారు మీదికి పోతుందని, చేతులు నెమ్మదిస్తాయని ఆ ముసలామె నమ్మకం. సుమిత్రమ్మ ఏడ్చింది, నేర్చుకుంది, తర్వాత తన కోడలికి నేర్పింది. ఇన్నేళ్లలో ఆమె గర్వంగా చెప్పుకున్నదేదైనా ఉంటే అదే: మా ఇంటి ఆడవాళ్లు తల వంచితే ఎత్తరు.

ఇప్పుడు ఆ కుర్చీ వరండాలో నిలిచిందంటే, తన మెడ వంగింది వట్టి పుణ్యానికేనని తేలిపోతుంది. అందుకు ఆమె ఒప్పుకోలేదు. ఎలా ఒప్పుకుంటుంది? పోయిన మెడ తిరిగి రాదు, దాన్ని తలుచుకొని పడే గర్వమైనా మిగలాలి కదా.

"ఆ డాక్టరమ్మ నోట్లెకెల్లి నేను ఇనాలె," అంది చివరికి. "బీడీలు చేసేదానికి కుర్చీ ఎందుకో నా ముంగట చెప్పుమను. అప్పుడు తింట అన్నం."

---

రెండో శనివారం కాబట్టి నవతకు బడి లేదు. నలుగురూ ఆటోలో కంఠేశ్వర్ వెళ్లారు. గుడి దాటాక మందుల షాపు పక్కన చిన్న గది. డాక్టర్ సుచిత్ర, ఫిజియోథెరపీ అన్న బోర్డు. గదిలో మందు సీసాలు లేవు, సూదులు లేవు. ఒక మంచం, రెండు రబ్బరు తాళ్లు, ఖాళీ గోడ. ఇదేం ఆసుపత్రి అనుకుంది సుమిత్రమ్మ.

డాక్టరమ్మకు ముప్పై ఏళ్లుంటాయేమో. రుద్రూర్ దగ్గర కాలువ కింద చెరుకు వేసే ఆంధ్రా రైతుల పిల్ల. మాట మెత్తగా ఉంది. అదీ సుమిత్రమ్మకు నచ్చలేదు. గట్టిగా మాట్లాడితే గట్టిగా జవాబు చెప్పొచ్చు.

"రండి పెద్దమ్మా, కూర్చోండి."

"కూసోను. నువ్వు నా కోడలికి కుర్చీ ఎందుకు చెప్పినవ్? మేం తరాల నుంచి కిందనే కూసుంటున్నం. మాకేమైంది?"

డాక్టరమ్మ వాదించలేదు. ఉమారాణిని గోడకు ఆనుకొని నిలబడమంది. మడమలు, పిరుదులు, భుజాలు, తల వెనక భాగం. అన్నీ గోడకు తగలాలి, గడ్డం పైకెత్తకూడదు. ఉమారాణి పళ్లు బిగబట్టి తల వెనక్కి తెచ్చింది. తగిలింది. నొసలంతా చెమట పట్టింది, కానీ తగిలింది.

"చూశారా, ఈమె మెడ ఇంకా దారికి వస్తుంది. బల్ల మోచేతుల ఎత్తులో పెట్టుకుని, పాదాలు నేలకు ఆనించి, వీపు కుర్చీకి ఆనించి పని చేస్తే చాలు. మధ్యలో లేచి నాలుగడుగులు వెయ్యాలి. ఇలా గోడ దగ్గర రోజూ నిలబడాలి. ఇలాగే వంగి చేస్తే మాత్రం మెడలో నరం నలిగి ఆ చెయ్యి పట్టు తప్పుతుంది."

నవత తనంతట తానే వెళ్లి గోడకు నిలబడింది. ఏ శ్రమా లేకుండా తల ఆనింది. "నాది వచ్చింది!"

"నీ వీపుకేమమ్మా, బంగారంలా ఉంది," అంది డాక్టరమ్మ. "దీన్ని ఇలాగే ఉండనివ్వండి," అంది పెద్దవాళ్లతో. తర్వాత సుమిత్రమ్మ వైపు తిరిగింది. "మీరు కూడా ఒకసారి నిలబడండి పెద్దమ్మా."

సుమిత్రమ్మ నిలబడింది. ఇదెంత పని అన్నట్టే నిలబడింది. మడమలు తగిలాయి. నడుము తగిలింది. తల తగల్లేదు.

ఇంకాస్త వెనక్కి నెట్టింది. తగల్లేదు. మెడలో నరాలు లేచాయి. గోడ ఎక్కడో దూరంగా ఉంది. కళ్లకు తన పాదాలు, డాక్టరమ్మ చెప్పులు, నేల మీది గచ్చు మాత్రమే కనపడుతున్నాయి. భయం వేసింది ఆమెకు. నిజంగా భయం వేసింది. ఇన్నాళ్లూ వంగిందని తెలుసు, ఎంత వంగిందో తెలియదు.

నవత వెనక నుంచి చెయ్యి పెట్టి చూసింది. "బాపమ్మా, నీ తలకు గోడకు నడుమ నా పిడికిలి పడుతున్నది. రెండు పిడికిళ్లు పడుతున్నయ్."

"తియ్యి చెయ్యి," అంది ఉమారాణి మెల్లగా.

"చిన్నప్పటి నుంచీ ఇలాగే ఉండేదా పెద్దమ్మా?" అని అడిగింది డాక్టరమ్మ.

"చిన్నప్పుడా?" సుమిత్రమ్మకు కోపం వచ్చింది. "మాది మోస్రా. చెరుకాకు మోపు నెత్తిన వెట్టుకొని, చెయ్యి వట్టకుంట, కాలువ గట్టెంబడి ఇంటిదాంక నడిచెటిదాన్ని. మోపు కదిలేది కాదు. మా బాపు నన్ను సూపిచ్చి మిగిలిన పిల్లలకు చెప్పేటోడు, గట్ల నడువుండ్రే అని."

"మరి ఎప్పుడు వంగింది?"

సుమిత్రమ్మ చూపు కోడలి కాళ్ల మీదికి పోయింది. కోడలు చెప్పేస్తుందని ఎదురుచూసింది. అగ్గిపెట్టె సంగతి చెప్పడానికి ఉమారాణికి ఇంతకన్నా మంచి సందు దొరకదు. ఒక్క మాట చాలు.

ఉమారాణి తన అరచేతిని చూసుకుంటూ ఊరుకుంది. ఆ ఊరుకోవడమే సుమిత్రమ్మకు చెంపదెబ్బలా తగిలింది. తిట్టి ఉంటే తిరిగి తిట్టేది.

"నాకు గూడ కుర్చీ చెప్తవా?" అని అడిగింది, ఎవరికీ వినపడకూడదన్నంత మెల్లగా.

డాక్టరమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "నొప్పి తగ్గడానికి చేసేవి చెప్తాను. వేడినీళ్లు పోసుకోండి. కుర్చీలో కూర్చుంటే హాయిగా ఉంటుంది. కానీ అబద్ధం చెప్పను పెద్దమ్మా. మీ ఎముకే అలా కుదురుకుపోయింది. అది నిటారు కాదు."

---

ఇంటికి వచ్చాక ఆడిన మాట ప్రకారం అన్నం తింది సుమిత్రమ్మ. గడ్డి తిన్నట్టు తింది. చెయ్యి కడుక్కొని, "కుర్చీ ఉంటే నేనుండ," అంది.

భూమేష్ నెత్తి కొట్టుకున్నాడు. "అరే, డాక్టరమ్మ చెప్పింది ఇన్నవు గదనే!"

"ఇన్న. ఆమెకేం, చెప్తది. ఈ ఇంట్ల ఉండేది నేను. తమ్ముని ఇంటికి మోస్రా పోత. కుర్చీతోని కాపురం జేసుకోండ్రి."

ఆ గోడకు తల ఆని ఉంటే సుమిత్రమ్మ కుర్చీని ఓర్చుకునేదేమో. ఆనలేదు. ఇక ఓర్చుకోవడం ఆమె వల్ల కాలేదు. తనకు రానిది కళ్ల ముందే ఇంకొకతెకు వస్తుంటే కింద కూర్చుని చూడాలా? కుళ్లు అంటే కుళ్లే. అది తనకూ తెలుసు. తెలిసినా తగ్గలేదు.

ఉమారాణి బీడీ కట్టలు బుట్టలో సర్దుకొని కార్ఖానాకు అప్పజెప్పడానికి పోయింది.

ఆమె అటు పోగానే భూమేష్ బయటికి వెళ్లి వడ్రంగి లింగం దగ్గర రంపం అడిగి తెచ్చాడు. మంచి ఆలోచన తట్టిన ముఖంతో వచ్చాడు. భూమేష్ చెడ్డవాడు కాదు. ఇద్దరి మాటా నిలబెట్టాలన్న ఆరాటంలో ఇద్దరినీ ముంచే రకం.

"ఏం జేస్తున్నవురా?"

"నువ్వు చూడవ్వా. కుర్చీ ఉంటది, నీకన్న మీద ఉండది. గొడవే లేదు."

కుర్చీని బోర్లా పడేసి కాళ్లు కోయడం మొదలుపెట్టాడు. రంపం పొట్టు తంబాకు పొడిలో రాలుతోంది. సుమిత్రమ్మ ఆపొచ్చు. బల్ల మోచేతుల ఎత్తులో, పాదాలు నేలకు అని డాక్టరమ్మ చెప్పిన మాట ఆమెకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "ఆగురా" అని ఒక్కసారి అంటే ఆగుతాడు. ఆమె తునికాకు మీద తడిగుడ్డ సర్దుతూ కూర్చుంది. మొదటి కాలు తెగింది. నాలుగో కాలూ తెగింది. కుర్చీ ఎత్తు తగ్గాక బల్లకు ఎత్తు ఎందుకని దాని కాళ్లు కూడా కోశాడు.

ఉమారాణి తిరిగి వచ్చేసరికి జానెడు ఎత్తు కుర్చీ, దాని ముందు పీటలాంటి బల్ల ఉన్నాయి.

"కూసో, కూసొని చూడు," అన్నాడు భూమేష్ చేతులు దులుపుకుంటూ. "నీ మాట నిలవడ్డది, అవ్వ మాట నిలవడ్డది."

ఆమె కూర్చుంది. మోకాళ్లు రొమ్ముకు తగిలాయి. చాట అందుకోవాలంటే వీపు విల్లులా వంచాల్సి వచ్చింది. గోనెపట్టా మీద కూర్చుంటేనే ఇంతకన్నా నయం.

"మంచిగున్నదా?"

"మంచిగున్నది."

లేచింది. తెగిన కట్టె ముక్కలన్నీ ఒక్కొక్కటే ఏరుకొని పెరట్లోకి పోయింది. నీళ్ల పొయ్యిలో పేర్చి అంటుపెట్టింది. పాత కట్టె, ఎండి ఉంది, భగ్గున అంటుకుంది. డేగిసా నిండా నీళ్లు పెట్టి, అవి మసిలేదాకా అక్కడే నిలబడి ఉంది. భూమేష్ గుమ్మం దాకా వచ్చి, మండుతున్న కట్టె చూసి, ఆటో తీసుకొని వెళ్లిపోయాడు.

"అత్తమ్మా," అని పిలిచింది ఉమారాణి. "నీళ్లు కాగినయ్. డాక్టరమ్మ చెప్పింది గదా. మెడకు పోసుకో."

ఆ గొంతులో ఎగతాళి ఉందా అని సుమిత్రమ్మ వెతికింది. లేదు. ఉంటే బాగుండును.

"మరి బీడీలు?" అంది. "ఆకంత నానవోసి ఉన్నది."

"నేను చెయ్య. కింద కూసొని చెయ్య, నీ కొడుకు కోసిన దాంట్ల కూసొని చెయ్య. ఉన్న ఒక్క చెయ్యి మీ ఇద్దరి పంతానికి ఇయ్య. ఇగ చాట ముట్ట."

"కట్టలు అప్పజెప్పకపోతే కార్ఖానల నీ కార్డు తీసేస్తరే, ఇగ పని ఇయ్యరు!"

"తీసెయ్యనియ్యి."

సుమిత్రమ్మ స్నానాల గదిలోకి పోయింది. కుర్చీ కాళ్లతో కాగిన నీళ్లు. చెంబుతో మెడ మీద పోసుకుంటే ప్రాణం లేచొచ్చినంత హాయిగా ఉంది. ఆ హాయికే ఆమెకు ఏడుపొచ్చింది. నీళ్లు పోసుకుంటూ ఏడిస్తే ఎవరికీ తెలియదు కాబట్టి కరువుతీరా ఏడ్చింది. కోడలిని పిలిచి ఒక మాట చెప్పాలనుకుంది. లింగంతో ఆ కాళ్లకు కొత్త కట్టె అతికించమని చెప్పొచ్చు. రెండు కుర్చీలు చేయించొచ్చు. నోరు తెరిచి చెప్పాలి, అంతే.

తడి చీర చుట్టుకొని బయటికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది.

వరండాలో గోనెపట్టా మీద, తను రోజూ కూర్చునే చోట, నవత కూర్చుని ఉంది. ఒళ్లో తల్లి చాట. వీపు ముందుకు వంచి, తల కిందికి దించి, వచ్చీరాని వేళ్లతో ఆకు చుడుతోంది. పక్కన వంకర టింకరగా నాలుగైదు బీడీలు ఉన్నాయి. గడ్డానికీ గొంతుకూ మధ్య అగ్గిపెట్టె.

"ఏందే ఇది?" అంది సుమిత్రమ్మ.

"కొట్లాడుకోకుండ్రి బాపమ్మా," అంది నవత, పెదాలు కదపకుండా. "నేను చేస్త. హన్మవ్వ చెప్పినట్టే వెట్టుకున్న. మంచిగ వచ్చిందా?"

పెరటి గుమ్మంలో ఉమారాణి నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో. పరుగున వచ్చి చాట లాగేసుకోలేదు, అరవలేదు.

"నువ్వే చెప్పు అత్తమ్మా," అంది. "మంచిగ వచ్చిందని చెప్పు. నాకు గట్లనే చెప్పినవు."

పిల్ల మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తోంది. తల ఎత్తితే పెట్టె పడిపోతుంది కాబట్టి ఎత్తడం లేదు. పొద్దున గోడకు ఇట్టే ఆనిన ఆ మెడ మీద, జడ పక్కకు తప్పుకున్న చోట, వెన్నుపూస చిన్నగా పైకి తేలింది.

సుమిత్రమ్మ చెయ్యి చాపి అగ్గిపెట్టె పట్టుకుంది. తీయబోయింది. రాలేదు. పిల్ల గడ్డం ఇంకా గట్టిగా అదిమింది.

"లాగకు బాపమ్మా," అంది నవత పళ్ల సందు నుంచి. "ఇంకా ఒక్కసారి గూడ పడలే."